సూక్ష్మజీవిని క్రిమి అనడం మానేద్దాం

పోయిన చలికాలంలో నాన్నకు మూత్రంలో మంట మొదలైంది. రాత్రిపూట పదేపదే లేస్తున్నాడని అమ్మ ఫోన్ చేసింది. ఊళ్లో మందుల షాపులో ఇచ్చిన మాత్రలు ఐదు రోజులు వేసుకున్నాడు, తగ్గలేదు. నేను వెళ్లి విజయవాడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. మూత్రంలో ఏ బ్యాక్టీరియా పెరుగుతుందో చూసే యూరిన్ కల్చర్ పరీక్ష చేయించమన్నారు. మూడో రోజు రిపోర్టు చేతికొచ్చింది.

ఒక్క పేజీ. పైన ‘ఈ. కోలై’ అని బ్యాక్టీరియా పేరు, పక్కన మిల్లీలీటరుకు లక్షకు పైగా అని లెక్క. కింద యాంటీబయాటిక్‌ల పట్టిక. ఒక్కో మందు పేరుకు ఎదురుగా ఒక్కటే అక్షరం. ఎస్ అంటే ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. అమాక్సిసిలిన్-క్లావ్యులానేట్, ఆర్. సిప్రోఫ్లాక్సాసిన్, ఆర్. కోట్రైమాక్సజోల్, ఆర్. సెఫ్ట్రియాక్సోన్, ఆర్. వేలు కిందికి జరుపుకుంటూ పోతే నైట్రోఫ్యూరంటోయిన్ దగ్గర మొదటి ఎస్ కనబడింది. అక్కడిదాకా నా వేలు వణికింది.

నాన్నకు ఆ అక్షరాలు పట్టలేదు. ఆయన అడిగింది వేరే. “ఈ క్రిమి నా ఒంట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా? నేను బయట తిండి కూడా తినను కదా!”

డాక్టరమ్మ రిపోర్టు బల్ల మీద పెట్టి చెప్పింది. “ఎక్కణ్ణుంచీ రాలేదు బాబాయిగారూ. మీ పేగుల్లో ఉండేదే. మీరు పుట్టిన కొద్ది రోజులకే వచ్చి చేరి ఉంటుంది. అక్కడున్నన్నాళ్లూ మిమ్మల్ని ఏమీ అనలేదు. ఇప్పుడు చోటు మారి మూత్రసంచిలోకి వచ్చింది, అందుకే ఈ గొడవ.”

బస్సులో నాన్న చాలాసేపు మాట్లాడలేదు. పామర్రు దాటాక మెల్లగా అన్నాడు, “డెబ్బై నాలుగేళ్లు నాలోనే ఉందా అది?”

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందులో భయం ఉంది, కొంచెం అవమానం కూడా ఉంది. తన ఇంట్లో తనకు తెలియకుండా ఎవరో కాపురం ఉన్నట్టు. అలా అనిపించడానికి సగం కారణం నాన్న వాడిన ‘క్రిమి’ అన్న మాటేనని నా నమ్మకం. ఆ మాట వాడినంతకాలం ఈ జీవుల స్వభావం మనకు అర్థం కాదు, వాటితో సరిగ్గా వ్యవహరించడమూ చేతకాదు.

క్రిమి అంటే సంస్కృతంలో పురుగు. పత్తి చేలో కొట్టే మందునీ, ఆసుపత్రి నేల తుడిచే మందునీ మనం క్రిమిసంహారిణి అనే ఒకే మాటతో పిలుస్తాం. ఆ మాట నోటికి రాగానే చేతికి తోచే పని ఒకటే, చంపడం. పాఠ్యపుస్తకం ‘సూక్ష్మజీవి’ అని చక్కగా రాస్తుంది. కానీ ఇంట్లో, టీవీలో, ఆసుపత్రి వరండాలో వినబడేది క్రిమే.

నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పదిహేడేళ్లుగా ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం నాదే. పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలకు తలా ఒక తెల్లకాగితం ఇచ్చి సూక్ష్మజీవి బొమ్మ వేయమంటాను. ఏ ఏడాది చూసినా దాదాపు ఒకటే బొమ్మ. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి కళ్లు, కోరలు, కొందరైతే చేతిలో శూలం కూడా పెడతారు. సబ్బుల ప్రకటనల్లో చూసిందే వాళ్లు వేస్తారు, వాళ్ల తప్పేం లేదు. ఆ తర్వాత, నాలుగైదు రోజుల ముందే చెరువునీళ్లలో ఎండుగడ్డి నానబెట్టి ఉంచిన సీసా తీస్తాను. ఒక్క చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెడతాను. చెప్పు ఆకారంలో పారమీషియంలు ఒళ్లంతా ఉన్న సన్నటి వెంట్రుకలు ఆడిస్తూ, గడ్డిపీచు అడ్డమొస్తే వెనక్కి జరిగి పక్కకు తిరిగి పోతుంటాయి. ఒక ఏడాది ఒక అమ్మాయి లెన్సు మీంచి కన్ను తీయకుండా చాలాసేపు చూసి, “టీచర్, ఇది ఎవర్నీ ఏమీ చేయట్లేదు. దాని పని అది చూసుకుంటోంది” అంది. ఆ రోజు నేను పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టాను.

ఈ లోకాన్ని తన లెన్సుల్లోంచి చూసి ప్రపంచానికి చెప్పిన మనిషి కూడా అలాగే చూశాడు. ఆయన పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. హాలండులో డెల్ఫ్ట్ అనే ఊళ్లో బట్టల వ్యాపారి. పెద్ద చదువులు లేవు, లాటిన్ రాదు, కానీ గాజును అరగదీసి లెన్సులు చేయడంలో ఆయనకు సాటి లేరు. మిరియం నాలుక మీద ఎందుకంత మండుతుందో చూడాలనుకున్నాడు. మలబారు నుంచీ, జావా, సుమత్రాల నుంచీ డచ్చి ఓడలు మోసుకెళ్తున్న మిరియాల కాలం అది. మిరియం లోపల కంటికి కనబడని ముళ్లేవో ఉండి ఉంటాయని ఆయన ఊహ. మెత్తబడాలని మిరియాలను వారాల తరబడి నీళ్లలో నానబెట్టాడు. 1676 ఏప్రిల్‌లో ఆ నీటిచుక్కను లెన్సు ముందు పెట్టి చూస్తే ముళ్లు లేవు, లెక్కలేనన్ని ప్రాణులు కదులుతున్నాయి. ఆ అక్టోబరులో శాస్త్రవేత్తల సంఘమైన లండన్ రాయల్ సొసైటీకి పెద్ద ఉత్తరం రాశాడు. అక్కడివాళ్లు వెంటనే నమ్మలేదు. మరుసటి ఏడాది ఆ సంఘంలోని శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ తానూ మిరియాల నీళ్లు తయారుచేసి కళ్లారా చూశాకే నమ్మారు. 1683లో లీవెన్‌హుక్ తన పళ్ల సందుల్లోని పాచి తీసి చూసి, తన దేశంలో ఉన్న మనుషుల కన్నా ఎక్కువ ప్రాణులు తన నోట్లోనే ఉన్నాయని రాశాడు.

వాటిని ఆయన చిన్ని జంతువులన్నాడు. శత్రువులనలేదు. ఆ రంగు వచ్చింది దాదాపు 200 ఏళ్ల తర్వాత. జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాక్ 1876లో ఆంత్రాక్స్‌కూ, 1882లో టీబీకీ కారణమైన బ్యాక్టీరియాను చూపించాడు. 1884లో కలకత్తాలో కలరా రోగుల పేగుల్లోనూ, జనం వాడుకునే చెరువు నీళ్లలోనూ కామా గుర్తులా వంగిన బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. ఆ పరిశోధనలు కోట్ల ప్రాణాలు నిలబెట్టాయి. నేను వాటిని తక్కువ చేయడం లేదు. కానీ జబ్బుల ద్వారా పరిచయమైనందువల్ల ఆ జీవులన్నీ జబ్బులేనన్న ముద్ర పడిపోయింది. దొంగతనం కేసుల ద్వారా మాత్రమే ఒక ఊరి పేరు విన్నవాడికి ఆ ఊరంతా దొంగలే అనిపించినట్టు.

అసలు సూక్ష్మజీవులన్నీ ఒక జాతా? ఇది తరగతిలో అడిగితే పిల్లలు అవునంటారు. పెద్దలూ అదే అనుకుంటారు. సూక్ష్మజీవి అన్నది వాటి కులగోత్రాలను చెప్పే మాట కాదు, మన కంటి చూపు ఎక్కడ ఆగిపోతుందో చెప్పే మాట. ఆ గీత కిందికి వచ్చినవాటినన్నిటినీ ఒక సంచిలో వేశాం. రొట్టెను పొంగించే ఈస్టు బ్యాక్టీరియా కన్నా మనకే దగ్గర చుట్టం, దాని కణంలోనూ మన కణంలో లాగే కేంద్రకం ఉంది. 1977లో అమెరికాలో కార్ల్ వోస్ బృందం, చూడ్డానికి బ్యాక్టీరియాలా ఉండే కొన్ని జీవులు అసలు బ్యాక్టీరియానే కావనీ, వేరే మహావంశమనీ తేల్చింది. వాటిని ఆర్కియా అంటున్నాం. ఇక 2022లో కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లోని మడ అడవుల్లో దొరికిన థయోమార్గరీటా మాగ్నిఫికా అనే బ్యాక్టీరియా ఏకంగా సెంటీమీటరు పొడవుంటుందని ప్రకటించారు. ఒకే కణం, తెల్లటి దారప్పోగులా చేత్తో పట్టుకోవచ్చు. అది సూక్ష్మం కాదు, కానీ బ్యాక్టీరియానే.

అంటే పరిమాణాన్ని బట్టి వాటి స్వభావం తేలదు. మరి దేన్ని బట్టి తేలుతుంది?

దీనికి జవాబు మన భాషలోనే ఎప్పటినుంచో ఉందని నాకు ఆలస్యంగా తట్టింది. కనబడని జీవులకు మనవాళ్లు పేర్లు పెట్టలేదు, ఎలా పెడతారు. కానీ అవి చేసే పనులకు మాత్రం ఎన్ని మాటలున్నాయో చూడండి. పాలు తోడుకుంటాయి, విరుగుతాయి. పిండి పులుస్తుంది. పప్పు పాచిపోతుంది. రొట్టె బూజు పడుతుంది. పెంట మాగుతుంది. శవం కుళ్లుతుంది. పెట్టెలో తడి తగిలిన పాత చీర చివికిపోతుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు గోగు కోసి కట్టలు కట్టి చెరువులో ఊరవేస్తారు, కొన్నాళ్లకు బెరడు మెత్తబడి నార వేరవుతుంది. అక్కడ పనిచేసేదీ నీళ్లలోని బ్యాక్టీరియానే. తెలుగు వచ్చిన ఏ మనిషీ పులియడానికీ పాచిపోవడానికీ మధ్య పొరబడడు. పులిసిన పిండితో అట్టు పోసుకుంటాం, పాచిపోయిన పప్పు పారబోస్తాం. రెండూ బ్యాక్టీరియా పనే. ఏది ఎక్కడ చేరింది, ఎంతసేపు ఉంది, ఏం తిని ఏం వదిలింది అన్నదాన్ని బట్టి మాట మారింది. మన వంటిల్లు సూక్ష్మజీవిని దాని పనిని బట్టి, చోటును బట్టి గుర్తుపట్టింది.

ఈ మాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘తోడు’.

రాత్రి అన్నాలయ్యాక అమ్మ పాలగిన్నెలో చిటికెన వేలు ముంచి చూస్తుంది. వేలు చురుక్కుమంటే ఇంకాసేపు ఆగుతుంది. వేడి తెలిసీ తెలియనట్టు ఉంటే, ముందురోజు పెరుగు చెంచాడు వేసి ఒక్కసారి తిప్పి మూత పెడుతుంది. చలికాలమైతే గిన్నెను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగిస్తుంది. ఆ వేలు చూసే వేడి సుమారు 40 డిగ్రీలు. ఆ చెంచాలో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. ఇంటి పెరుగులో లాక్టోబాసిల్లస్, లాక్టోకాకస్, స్ట్రెప్టోకాకస్ లాంటివి కలిసి ఉంటాయి, ఇంటింటికీ పాళ్లు మారతాయి. అవి పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. ఆ పులుపు ఒక స్థాయికి చేరగానే పాలలో తేలుతున్న కేసీన్ అనే మాంసకృత్తి ఒకదానికొకటి అంటుకుని వలలా అల్లుకుంటుంది, నీళ్లు ఆ వలలో చిక్కుకుపోతాయి. తెల్లారి గిన్నె వంచితే కదలని పెరుగు అదే. వాటిలో కొన్ని ఒకదానికొకటి సాయం కూడా చేసుకుంటాయి. ఒకటి మాంసకృత్తులను ముక్కలు చేసి పెడితే రెండోది వాటితో బతుకుతుంది, ఆ రెండోది వదిలే ఫార్మిక్ ఆమ్లంతో మొదటిది ఏపుగా పెరుగుతుంది.

నా పెళ్లయి వేరే కాపురం పెట్టిన రోజు అమ్మ స్టీలు గిన్నెలో పెరుగు పోసి, మూత మీద గుడ్డ కట్టి నా చేతికిచ్చింది. ఆ పెరుగుతోనే మా ఇంట్లో మొదటి తోడు పడింది. ఇరవై రెండేళ్లుగా ఆ వరస తెగలేదు. ఊరెళ్లినప్పుడు పక్కింటి ఆంటీ ఇంట్లో దాన్ని బతికించి ఉంచుతుంది, వచ్చాక తిరిగి తెచ్చుకుంటాను. ఆవునో గేదెనో తరతరాలుగా సాకినట్టే ఇదీ ఒక సాకుడు. ఆ చెంచాడు పెరుగుకు ‘తోడు’ అని పేరు పెట్టినవారెవరో తెలియదు కానీ, సూక్ష్మజీవికి అంతకన్నా సరైన పేరు ఏ శాస్త్రవేత్తా పెట్టలేదని నా అభిప్రాయం.

ఇడ్లీపిండికైతే తోడు కూడా వేయం. మినప్పప్పును అంటిపెట్టుకుని వచ్చే ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియానే రుబ్బిన పిండిలో పెరిగి గాలి బుడగలు నింపి పొంగిస్తుంది. మా అమ్మమ్మ ఇంట్లో తరవాణి కుండ కూడా ఇలాగే తనంతట తాను పులిసేది.

ఇక్కడ కొందరు, “అవును, పెరుగులో ఉండేది మంచి బ్యాక్టీరియా, రోగాలు తెచ్చేది చెడ్డ బ్యాక్టీరియా” అంటారు. ప్రోబయాటిక్ సీసాల మీద రాసేదీ అదే. ఈ మంచీ చెడ్డా పంచాయితీ కూడా నాకు ఒప్పుదల కాదు. పెరుగులో ఉండే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, పిల్లలకు గొంతునొప్పి తెచ్చి చివరికి గుండె కవాటాలను పాడుచేయగల స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్, రెండూ ఒకే ఇంటిపేరువి. ఇక నాన్న ఈ. కోలై అయితే ఒకే జీవి. పేగుల్లో ఉన్నప్పుడు అక్కడి కాస్త ఆక్సిజన్‌నూ వాడేసి మిగతా బ్యాక్టీరియాకు బతుకు వీలు చేస్తుంది, విటమిన్ కె తయారుచేస్తుంది. రెండు జానల దూరంలో ఉన్న మూత్రసంచిలోకి చేరితే మనిషిని కూర్చోనివ్వదు, నిల్చోనివ్వదు. దాని గుణం మారలేదు. చోటు మారింది. మన ఒంట్లో ఇలాంటివి దాదాపు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో లెక్కగట్టారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. బరువు తూచితే ఆ బ్యాక్టీరియా అంతా కలిపి 200 గ్రాములే.

నాన్నకు ఈ సంగతి లెక్కలతో చెబితే ఎక్కలేదు. పొలంలో చెప్పాను.

మాది అవనిగడ్డ పక్కన పల్లె. మా దగ్గర వరి కోతకు కొద్ది రోజుల ముందే, చేలో తడి ఉండగానే, నిలబడ్డ పైరులో మినుములు చల్లుతారు. వరి కోసేసరికి కింద మినుము మొలిచి ఉంటుంది. దుక్కి లేదు, నీళ్లు పెట్టేది లేదు. నాన్న యాభై ఏళ్లుగా చేస్తున్న సేద్యం అది. మినుము వేసిన చేను బలపడుతుందని ఆయనకు తెలుసు, ఎందుకు బలపడుతుందో ఎవరూ చెప్పలేదు. ఒక నెల మొక్కను మట్టితో సహా తవ్వి తీసి, నీళ్లలో వేళ్లు కడిగి ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్ల పొడవునా ఆవగింజలంత, కొన్ని అంతకన్నా పెద్ద బుడిపెలు. వేర్లకు తెగులేమో అనుకున్నాడు. గోరుతో ఒకటి చిదిమాను. లోపల గులాబీ రంగు, తడి.

“రక్తంలా ఉందేంటమ్మాయ్!”

నిజంగానే మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమే అది. పేరు లెగ్‌హిమోగ్లోబిన్. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే, కానీ మొక్క దాన్ని ముట్టుకోలేదు. యూరియాకు కావలసిన అమ్మోనియా చేయాలంటే కర్మాగారంలో 400 డిగ్రీలకు పైగా వేడి, వాతావరణానికి వంద రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. ఆ బుడిపెలో ఉన్న రైజోబియం కోవ బ్యాక్టీరియా అదే పనిని మాగాణి మట్టి వేడిమిలో చేస్తుంది. ఆక్సిజన్ ఎక్కువ తగిలితే ఆ పని చేసే ఎంజైము పాడైపోతుంది కాబట్టి, మొక్క ఈ గులాబీ పదార్థంతో ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొద్దికొద్దిగా అందిస్తుంది. మొక్క చక్కెర పెడుతుంది, బ్యాక్టీరియా నత్రజని ఇస్తుంది. నాన్న ఆ వేరును తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాడు.

ఇంతవరకూ చదివినవాళ్లలో కొందరికి కోపం వచ్చి ఉంటుంది. కరోనాలో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు, ఇంట్లో టీబీ చూసినవాళ్లకు తోడూ నీడా కబుర్లు ఎందుకని. ఆ కోపం న్యాయమైనది. మన పూర్వీకులకు సూక్ష్మజీవుల గురించి అంతా తెలుసని కూడా నేను అనను. తెలియదు. తెలియకే గత్తర, అంటే కలరా, వచ్చినప్పుడు ఊళ్లు ఖాళీ అయ్యాయి. తెలంగాణలో ఇప్పటికీ తిట్టుగా మిగిలిపోయేంత భయం ఆ మాట వెనక ఉంది. మంచినీళ్లు కాచుకోవాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలకు టీకాలు వేయించాలి. వీటిలో దేనికీ నేను వ్యతిరేకిని కాను, రోజూ తరగతిలో చెప్పేవే.

నేనంటున్నది, జబ్బుల విషయంలో కూడా క్రిమి అన్న మాట మనకు తక్కువే చూపిస్తుందని. కలరా బ్యాక్టీరియాకు అసలు ఇల్లు మనిషి పేగు కాదు, నదులు సముద్రంలో కలిసే చోటి ఉప్పునీళ్లు. అక్కడ రొయ్యల చుట్టాలైన కోపెపాడ్‌లనే బుల్లి జీవుల ఒంటిని పట్టుకుని బతుకుతుంది. దాని విషం కూడా పుట్టుకతో వచ్చింది కాదు, దానిలో చేరిన ఒక వైరస్ మోసుకొచ్చిన జన్యువుల వల్ల వచ్చిందని 1996లో తేలింది. ఈ సంగతులు పట్టుకునే రీటా కాల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో ఒక చిన్న పని చేయించింది. పాత నూలు చీరను నాలుగైనా మడతలు వేసి, ఆ గుడ్డలోంచి నీళ్లు వడకట్టుకోమన్నారు. బ్యాక్టీరియా గుడ్డలోంచి దూరిపోగలదు, కానీ అది పట్టుకున్న కోపెపాడ్ దూరలేదు. కలరా కేసులు 48 శాతం తగ్గాయని 2003లో ప్రకటించారు. అక్కడ దేన్నీ చంపలేదు. అది ఎక్కడ, ఎవరితో బతుకుతుందో తెలుసుకున్నారు, అంతే. బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్లు పట్టుకోవడం మన ఊళ్లలోనూ ఉన్నదే. ఆ గుడ్డ ఎన్ని మడతలుండాలో, ఎందుకుండాలో చెప్పేవాళ్లు లేకపోయారు.

టీబీ సంగతీ చూడండి. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఆ బ్యాక్టీరియా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో జబ్బుపడేది నూటికి ఐదు నుంచి పది మంది. మిగతావాళ్లలో అది అణిగి ఉంటుంది. సరైన తిండి లేనప్పుడు, షుగరు ముదిరినప్పుడు, హెచ్‌ఐవీ ఉన్నప్పుడు, గాలి ఆడని ఇరుకు గదుల్లో నలుగురు నిద్రపోయినప్పుడు అది పైకి లేస్తుంది. క్రిమి ఒక్కదాన్నే చూసేవాళ్లకు ఆ ఇరుకు గది కనబడదు.

ఇప్పుడు మళ్లీ ఆ ఆర్ అక్షరాల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా బాధ అక్కడే ఉంది. జలుబు చేసినా, ఒళ్లు వెచ్చబడినా మందుల షాపుకెళ్తే చిన్న కవర్లో మూడు రోజులకు యాంటీబయాటిక్ కట్టి ఇచ్చేవాళ్లు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద ఆ మందుకు పనే లేదు. కానీ పేగుల్లో ఉన్న ఈ. కోలై ఆ మందును రుచి చూసింది. లొంగేవి చచ్చాయి, లొంగనివి మిగిలి పెరిగాయి. పైగా బ్యాక్టీరియా తమ దగ్గరున్న జన్యువులను పక్కనున్న వేరే జాతులకు కూడా అందించగలవు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు, చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడితే సూక్ష్మజీవులకు దాన్ని తట్టుకోవడం నేర్పినట్టే అని. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా. చంపడం తప్ప ఇంకో ఆలోచన లేకపోవడం వల్ల ఇక్కడిదాకా వచ్చాం.

మన నేల మీదే జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధి చేసి వదిలే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి అయ్యాక కూడా లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ నీళ్లు కలిసిన వాగుల్లో బతికే బ్యాక్టీరియా ఏం నేర్చుకుంటాయో వేరే చెప్పాలా? నాన్న రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్ ఎదురుగా ఆర్ చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ లెక్కే. రెండిటికీ నేరుగా సంబంధం ఉందనను. కానీ వాగును మురుగు అనుకుని, మురుగులో ఉన్నవి క్రిములే కదా అని వదిలేసే మనస్తత్వం ఒక్కటే.

యాంటీబయాటిక్‌లలో చాలావాటి పుట్టుక ఎక్కడో తెలుసా? తొలకరి చినుకు పడగానే మట్టి వాసన వస్తుంది కదా, ఆ వాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే పదార్థం. దాన్ని తయారుచేసేవాటిలో ముఖ్యమైనవి మట్టిలో బూజులా దారాలు అల్లుకునే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా. ఆ వాసనకు స్ప్రింగ్‌టెయిల్ అనే బుల్లి జీవులు వచ్చి, వాటిని తిని, వాటి బీజాలను ఒంటికి అంటించుకుని ఊరంతా చల్లుతాయని 2020లో కనిపెట్టారు. టీబీకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో ఈ జాతి నుంచే వచ్చింది. టెట్రాసైక్లిన్‌లలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా అంతే. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త అమెరికాలోని మిస్సోరీ మట్టిలోంచి తీసిన బంగారు రంగు బ్యాక్టీరియా ఇచ్చిన మందు అది. అప్పుడు ఆయన పనిచేస్తున్న లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలల్లో పరిశోధన డైరెక్టరు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆ మందు లోకానికి తెలిసిన కొద్ది వారాలకే ఆయన కన్నుమూశారు.

సుబ్బారావుగారి గురించి ఇంకో మాట. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయనకూ ఆ జబ్బు వచ్చి తప్పింది. తర్వాత ఆయన బృందం ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఒక పదార్థంలో ఫోలిక్ ఆమ్లం ఉందో లేదో అప్పట్లో ఎలా తెలుసుకునేవారంటే, అది వేసిన గొట్టంలో లాక్టోబాసిల్లస్ కేసీ పెరుగుతుందా లేదా అని చూసి. పెరుగు గిన్నెలో ఉండే కుటుంబానికి చెందిన బ్యాక్టీరియానే కొలబద్ద. గర్భిణులకు ఇచ్చే ఆ ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇవాళ అంగన్‌వాడీ గడప దాకా వస్తోంది. పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు, తర్వాతి రోజు వాళ్లు వేసే బొమ్మల్లో కోరలు తగ్గుతాయి.

నాన్నకు డాక్టరమ్మ రాసిన మందు ఏడు రోజులు వాడాం, ఎన్ని పూటలని రాస్తే అన్ని పూటలూ. మంట పోయింది. మళ్లీ చేసిన కల్చర్‌లో ఏమీ పెరగలేదు. “అంటే అది చచ్చిపోయినట్టేనా?” అని అడిగాడు. మూత్రసంచిలో లేదు, పేగుల్లో ఉండే ఉంటుంది అన్నాను. ఆలోచించి, “అక్కడుంటే ఉండనీ” అన్నాడు.

ఈ ఏడాది వరి కోతలయ్యాక ఒక సాయంత్రం నాన్న చేలోంచి ఫోన్ చేశాడు. వెనక కొంగల అరుపులు వినబడుతున్నాయి.

“అమ్మాయ్, మినుము మొక్క పీకి చూశా. బుడిపెలు వచ్చాయి కానీ, చిదిమితే లోపల తెల్లగానే ఉంది. రంగు రాలేదు.”

“చల్లి ఎన్నాళ్లైంది నాన్నా?”

“ఇరవై రోజులు.”

“ఇంకో వారం, పది రోజులు ఆగు. అవి ఇప్పుడే చేరాయి. పని మొదలుపెట్టాక రంగు వస్తుంది.”

“సరే, ఆదివారం మళ్లీ ఒకటి పీకి చూస్తాలే” అన్నాడు.